తుప్పు పట్టిన పాత జీపు: రంగు కన్నా ముందు నీటి దారి

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో పాత జీపులకు గిరాకీ ఇంకా తగ్గలేదు. ఒకప్పుడు కొండ ఊళ్ల నుంచి కుందులి సంతకు మనుషులనూ కూరగాయల బస్తాలనూ కలిపి మోసిన మహీంద్రా కమాండర్లు, గుత్తేదార్ల దగ్గర చేతులు మారుతూ వచ్చిన ఎంఎం540లు, సైన్యం వేలం వేసినప్పుడు కొనుక్కొచ్చిన మారుతి జిప్సీలు ఇప్పుడు పెరళ్లలోనూ మెకానిక్ షెడ్ల వెనకా నిలబడి ఉన్నాయి. 1985లో మొదలైన జిప్సీ తయారీ 2019లో ఆగిపోయింది. కొత్త థార్ కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం పట్టణాల్లోని తెలుగు కుటుంబాల కుర్రాళ్లు, సరిహద్దుకు అటువైపున్న ఇచ్ఛాపురం, పార్వతీపురం, సాలూరు వాళ్లు కూడా, ఒక పాత బండిని కొని ఇంటి దగ్గరే బాగుచేసుకుందామని పూనుకుంటున్నారు. పూనుకున్నవారిలో చాలామంది ముందు టైర్లు మారుస్తారు, తరవాత రంగు వేయిస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ రంగు కింద నుంచే పొక్కులు లేస్తాయి.

ఇలా జరగడానికి రంగు నాసిరకం కావడం గానీ పెయింటర్ పనితనం లేకపోవడం గానీ అరుదుగానే కారణమవుతుంది. తుప్పును రేకుకు పట్టిన మచ్చగా చూస్తున్నంత కాలం దాన్ని గీకి, పూసి, కప్పెయ్యాలనే అనిపిస్తుంది. బండిలోకి నీరు ఎక్కడి నుంచి దిగుతోంది, దిగిన నీరు ఎక్కడ ఆగుతోంది, ఆగింది ఎన్నాళ్లకు ఆరుతోంది అన్నది తేలకుండా వేసిన అతుకు ఎంత గట్టిదైనా మళ్లీ అక్కడే పోతుంది. కాబట్టి ఇంటి దగ్గర చేసే పనిలో సగానికి పైగా కాలం పరిశీలనకే పోవాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సముద్రం తుప్పు, కొండ తుప్పు

ఇనుము తుప్పు పట్టడానికి నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. తడి పొర కింద ఒకే రేకు మీద ఒకచోట ఇనుము కరిగి ఎలక్ట్రాన్లను వదులుతుంది, పక్కనే ఇంకొకచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. అంటే ప్రతి తడి మరకా ఒక చిన్న బ్యాటరీగా పనిచేస్తుంది. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది కానీ, ఇనుము తుప్పు గుల్లగా ఉండి తేమను లోపలికే పంపిస్తుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కన్నా కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల మధ్య అతుకులో పుట్టిన తుప్పు ఆ రేకులను విడదీసి ఉబ్బించడం, స్పాట్ వెల్డింగులను ఊడగొట్టడం ఈ కారణం చేతనే జరుగుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటిన దగ్గర నుంచి శుభ్రమైన ఇనుము మీద కూడా ఈ చర్య జోరందుకుంటుంది. గోపాల్‌పూర్ తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ అంతకు పైనే ఉంటుంది.

అయితే తీరం తుప్పూ కొండ తుప్పూ ఒక్కటి కావు. తీరంలో ఉప్పు ప్రధాన శత్రువు. ఉప్పు నీటికి విద్యుత్ వాహకతను పెంచడమే కాక గాలిలోని తేమను తానే లాక్కుని, ఎండ కాస్తున్నా రేకును పూర్తిగా ఆరనివ్వదు. చిలికా ఒడ్డున గానీ, హుమా, నౌపడ ఉప్పు కొఠార్ల ప్రాంతంలో గానీ తిరిగిన బండి, ఎండుచేపలు మోసిన బండి, సరదాకు ఇసుకలో దింపి అలల్లో తడిపిన బండి పైకి ఎంత నిగనిగలాడుతున్నా వెనక బాడీ నేల కిందకు వంగి చూడకుండా బేరం ఆడకూడదు. తీరం తుప్పు చిన్న చిన్న గుంటలుగా లోపలికి దిగుతుంది. పైన వేలిగోరంత మచ్చ కనిపించిన చోట స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే రేకు ఆరపార పోవచ్చు.

కోరాపుట్ వైపు ఉప్పు లేదు, మట్టి ఉంది. ఏటా 1500 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఆ కొండల్లో చక్రాలు చిమ్మిన ఎర్రమట్టి ఛాసిస్ మూలల్లోనూ మడ్‌గార్డుల లోపలి అంచుల్లోనూ మెత్తుకుపోయి, తడిగుడ్డ చుట్టినట్టు వారాల తరబడి ఆ చోటును పట్టుకుని ఉంటుంది. మట్టి కింద ఆక్సిజన్ తక్కువ, మట్టి అంచు దగ్గర ఎక్కువ. ఈ తేడాయే మట్టి కింది ఇనుమును కరిగిస్తుంది. దీనికి తోడు ఇక్కడి మట్టి రంగూ తుప్పు రంగూ ఒకటే కావడం కొనేవాడికి పెద్ద చిక్కు. కింద పడుకుని చూస్తే ఛాసిస్ అంతా ఒకే ఎరుపు. అందులో ఏది కడిగితే పోయే మట్టో, ఏది పెచ్చులుగా రాలే ఇనుమో కంటికి తెలియదు. బేరం కుదుర్చుకునే ముందు సర్వీసింగ్ సెంటర్‌లో నీటి ఒత్తిడితో అడుగుభాగం కడిగించమని అడగండి. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఇంక బేరం అనవసరం.

వరద నీటిలో మునిగిన బండిది వేరే కథ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటి గజపతి, గంజాం, రాయగడల్లో వరదలు తెచ్చినప్పుడు ఎన్నో వాహనాలు నీళ్లలో నిలిచాయి. అలాంటి బండిలో తుప్పు కింది నుంచి పైకి కాకుండా లోపలి నుంచి బయటకు వస్తుంది. సీటు పట్టాల కింద, డ్యాష్‌బోర్డు వెనక, తలుపుల లోపలి గూళ్లలో ఒండ్రు గీత కనిపిస్తే, వైరింగ్ మొత్తం మార్చాల్సిన ఖర్చు కూడా ముందే లెక్క వేసుకోవాలి.

కొనే ముందు: సుత్తి, అయస్కాంతం, టేపు

ఇంజను గురించి భయపడేవాళ్లే ఎక్కువ కానీ, పాత జీపులో చౌకగా తేలేది ఇంజనే. ఎంఎం540లోని 2.1 లీటర్ల ప్యూజో రూపకల్పన డీజిల్ ఇంజనుకు గానీ, జిప్సీ ఇంజనుకు గానీ పని తెలిసిన మెకానిక్ ప్రతి పట్టణంలోనూ దొరుకుతాడు. తుప్పు తినేసిన ఛాసిస్‌ను సరిగ్గా చేసే మనిషి దొరకడం కష్టం. ఈ బండ్లలో బాడీ వేరు, ఛాసిస్ వేరు. నిచ్చెన ఆకారంలో ఉన్న ఛాసిస్ మీద రబ్బరు దిండ్లు పెట్టి బాడీని బోల్టులతో బిగిస్తారు. అందుకే బాడీ ఎంత పోయినా మళ్లీ కట్టుకోవచ్చు, ఛాసిస్ పోతే బండి పోయినట్టే లెక్క.

చూడాల్సిన చోట్లు నీరు ఆగే చోట్లే. కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) ఛాసిస్‌కు తగిలే బ్రాకెట్లు, ముఖ్యంగా కమాను చివర కదిలే లింకును పట్టే వెనక వైపు షాకిల్ బ్రాకెట్లు, వెనక అడ్డ దూలం, బాడీ మౌంట్లు, ముందు చక్రాల వెనకనున్న కాళ్ల దగ్గరి ఫ్లోరు, విండ్‌షీల్డ్ ఫ్రేము అడుగు అంచు, సీటు కింది టూల్ పెట్టె ముందుగా చూడాలి. జీపు ఫ్లోరు కింద బలం కోసం అడ్డంగా అతికించిన టోపీ ఆకారపు చానెళ్లు మరీ మోసకారివి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుల్లో ఈ చానెళ్ల లోపల కొయ్య ముక్కలు కూడా పెట్టేవారు. అవి నీరు పీల్చుకుని చానెల్‌ను లోపలి నుంచి తినేసేవి. ఇప్పటి చానెళ్లలో కొయ్య లేకపోయినా దాని పని మట్టి చేస్తోంది.

చిన్న సుత్తితో ఛాసిస్ పట్టీని పొడుగునా తడుతూ పోతే గట్టి ఇనుము గణగణమంటుంది, పోయిన చోట చప్పుడు మొద్దుబారుతుంది. సందేహం ఉన్నచోట పాత స్క్రూడ్రైవర్‌తో బలంగా పొడిచి చూడాలి. బాడీ మీద పలచని గుడ్డలో చుట్టిన అయస్కాంతం జరుపుతూ పోతే పట్టు సడలిన చోట పుట్టీ మందంగా ఉందని అర్థం. తాజాగా నల్లటి తారు కోటింగు పూసిన అడుగుభాగాన్ని చూసి సంతోషించడం కన్నా అనుమానించడం మేలు. తుప్పు మీదే పూసిన తారు కోటింగు బయటి నీటిని ఆపదు, లోపలి తడిని ఆరనివ్వదు. కొన్నాళ్లకు పైన నల్లటి తోలు మిగిలి లోపల ఇనుము పొడి అవుతుంది. వేలితో నొక్కితే అది మెత్తగా లోపలికి దిగడం ఎవరైనా గమనించవచ్చు.

టేపు కూడా వెంట ఉండాలి. పొడుగు కమాండర్ ఛాసిస్‌ను మధ్యలో కోసి, అతికి, పొట్టి జీపుగా చేసి అమ్మడం మామూలు విషయమే. ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకు కొలిచి ఆర్‌సీలో రాసిన వీల్‌బేస్‌తో పోల్చండి. తేడా వస్తే, ఛాసిస్ పట్టీ నడుమ వెల్డింగు గీత కనిపిస్తే ఆ బండి జోలికి పోవద్దు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి నిర్మాణాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

కాగితాల్లో చిక్కు ఎక్కువగా సరిహద్దు దాటినప్పుడు వస్తుంది. సొంత వాడకపు వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరవాత తనిఖీకి పెట్టి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు రుసుమును కార్లు, జీపులకు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచారు, ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో మళ్లీ పెంచారు. ఓఆర్-10, ఓఆర్-18 వంటి నంబర్లున్నవి 2012లో ఒడిశా అక్షరాలు ఓడీగా మారక ముందటి బండ్లు కనుక వాటికి ఈ గడువు ఎప్పటి వరకు ఉందో తప్పక చూసుకోవాలి. కోరాపుట్ బండిని సాలూరుకు తీసుకెళ్లి పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త నంబరు తీసుకోవాలి, అక్కడి జీవితకాల పన్ను వేరుగా కట్టాలి. అమ్మకందారు చెప్పే ధరలో ఇవేవీ ఉండవు.

ఇక్కడే ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఛాసిస్ నంబరు ఇనుములో గుద్ది ఉంటుంది. ఆర్టీవో దగ్గర దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ప్రింటు అడుగుతారు. గ్రైండరు పట్టిన ఉత్సాహంలో ఆ నంబరున్న చోటును కూడా నున్నగా చేసేసిన వాళ్లున్నారు. ఆ తరవాత బండి ఎంత బాగుపడినా అది ఎవరి బండో నిరూపించడం తలనొప్పే. పని మొదలుపెట్టే రోజే ఆ చోటును చేత్తో మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేసి, ఫోటో తీసి, రెండు మూడు ప్రింట్లు తీసుకుని, గ్రీజు రాసి, మీద టేపు అంటించాలి.

విప్పడం

విప్పడంలో తొందర పనికిరాదు. బండిని చదునైన గచ్చు మీద పెట్టి, నాలుగు వైపులా ఛాసిస్ కింద ఇనప స్టాండ్లు గానీ మందపాటి రైలు స్లీపరు చెక్కలు గానీ పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు హఠాత్తుగా పగులుతాయి కనుక వాటి మీద నిలబెట్టిన బండి కిందకు తల పెట్టకూడదు. ఫ్లోరు కోయడానికి ముందు తలుపు ఖాళీల్లో అడ్డంగా యాంగిల్ ముక్కలు తాత్కాలికంగా వెల్డు చేసి, బాడీ నాలుగు మూలల మధ్య ఐమూలగా తీసిన కొలతలు రాసుకోవాలి. ఈ కొలత లేకుండా ఫ్లోరు కోస్తే బాడీ కాస్త వాలుతుంది, కొత్త ఫ్లోరు బిగించాక తలుపులు పడవు.

పట్టేసిన బోల్టు దగ్గర పానాకు పైపు తగిలించి లాగడమే చాలామందికి తోచే ఉపాయం. బోల్టు తల తెగిపోవడం తప్ప దాని వల్ల లాభం లేదు. ముందు వైర్ బ్రష్షుతో బోల్టు మరల మీది మట్టినీ పెచ్చునూ దులిపి, ఆటోమేటిక్ గేరు నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపి చుక్కలు చుక్కలుగా వేసి ఒక రాత్రి వదిలేయాలి. మరుసటి రోజు విప్పే వైపు కాకుండా ఇంకాస్త బిగించే వైపు కొంచెం కదిపి, తరవాత ఎదురు తిప్పాలి. కదలకపోతే గ్యాస్ మంటతో బోల్టును కాకుండా నట్టునే వేడిచేయాలి. నట్టు వ్యాకోచించి పట్టు సడలుతుంది. ఆ వేడిలో మర దగ్గర కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. మంట పెట్టే చోట అసిటోన్ కలిపిన నూనె మిగిలి ఉండకూడదని, డీజిల్ పైపులూ బ్రేకు పైపులూ రబ్బరు బుష్‌లూ దూరంగా ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు. షాకిల్ పిన్నులు బుష్‌లోనే తుప్పు పట్టి కూర్చుంటే మాత్రం వేళ్లు నలగ్గొట్టుకోకుండా కోసి తీసేసి కొత్తవి వేయడమే తక్కువ ఖర్చు.

తుప్పు తీసే పద్ధతులు, వాటి హద్దులు

తీరం బండి అయితే గ్రైండరు ముట్టుకోక ముందు ఉప్పు వదిలించాలి. మంచినీటితో, వీలైతే వేడినీటితో రెండు మూడు సార్లు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఉప్పు గుంటల అడుగున దాక్కుని ఉంటుంది. శాండ్ బ్లాస్టింగ్ చేయించి తెల్లగా మెరిసిన ఇనుము మీద కూడా రెండో రోజుకే చుక్కచుక్కలుగా తుప్పు లేవడానికి కారణం ఈ మిగిలిన ఉప్పే.

పెద్ద ముక్కలకు యాంగిల్ గ్రైండరుకు బిగించే తీగల కప్పు బ్రష్షు, స్ట్రిప్ డిస్కు చాలు. పలుచని రేకు మీద కోసే రాయి, గ్రైండింగు రాయి వాడితే తుప్పుతో పాటు మంచి ఇనుమూ పోతుంది. కంటి అద్దాలు లేకుండా తీగల బ్రష్షు వాడకూడదు, తెగిన తీగలు సూదుల్లా ఎగురుతాయి. చిన్న భాగాలకు, అంటే బ్రాకెట్లు, కీళ్లు, నట్టు బోల్టులకు, విద్యుద్విశ్లేషణ పద్ధతి ఎంతో మేలు. ప్లాస్టిక్ తొట్టెలో నాలుగైదు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున చాకలి సోడా కలిపి, పన్నెండు వోల్టుల చార్జరు మైనస్ తీగను తుప్పు పట్టిన భాగానికి, ప్లస్ తీగను పనికిరాని మామూలు ఇనప ముక్కకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ముంచి ఉంచాలి. తుప్పు నల్లటి బురదగా మారి తుడిస్తే ఊడిపోతుంది, మంచి ఇనుము చెక్కు చెదరదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీటిలో చేరతాయి, సోడాకు బదులు తినే ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. సరిగ్గా చేసినా హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఆరుబయట చేయాలి, దగ్గర బీడీ కూడా వెలిగించకూడదు.

చక్కెర మిల్లు మొలాసిస్ ఇంకో మార్గం. పశువుల దాణాకు వాడే మొలాసిస్ ఒక వంతు, నీరు తొమ్మిది వంతులు కలిపి రెండు వారాలు నానబెడితే అందులోని పదార్థాలు తుప్పును పట్టి లాగేస్తాయి. వాసన భరించాలి, ఈగలను కూడా. అస్కా చక్కెర మిల్లు ఉన్న గంజాంలో ఈ ఉపాయాన్ని ఇంకా ఎక్కువమంది వాడకపోవడమే విచిత్రం. అల్యూమినియం, జింకు పూత ఉన్న భాగాలను మాత్రం అందులో వేయకూడదు.

బాత్రూములు కడిగే యాసిడ్ ఈ పనికి వాడటం చాలా ఊళ్లలో ఉంది, అది మానుకోవాలి. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పును నిమిషాల్లో కరిగిస్తుంది కానీ క్లోరైడును రేకు గుంటల్లో వదిలిపోతుంది, అంటే కొండ బండికి చేజేతులా తీరం తుప్పు అంటించినట్టే. కమాన్ పట్టీలూ ఎక్కువ బలం గల బోల్టులూ ఆ ఆమ్లంలో హైడ్రోజన్ పీల్చుకుని పెళుసుబారి, తరవాత భారం పడినప్పుడు విరిగే ప్రమాదం ఉంది. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణాలు దీనికన్నా నయం. అవి పలుచని తుప్పును ఇనప ఫాస్ఫేటుగా మారుస్తాయి. టానిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్లు నల్లటి పొరగా మారుస్తాయి. ఏదైనా సరే గట్టిగా అంటుకున్న పలుచని తుప్పు మీదే పనిచేస్తుంది. పెచ్చులు లేచిన చోట కన్వర్టరు పూస్తే పైపొర మాత్రం నల్లబడి కిందిది యథాతథంగా ఉంటుంది. కన్వర్టరు పోయిన లోహాన్ని తిరిగి తెచ్చి పెట్టదు. అమ్మే దుకాణాల్లో ఈ మాట ఎవరూ చెప్పరు.

కోయడం, అతకడం

బాడీ రేకుకు 18 గానీ 20 గానీ గేజి రేకు సరిపోతుంది. అంటే సుమారు 1.2, 0.9 మిల్లీమీటర్ల మందం. గేట్లూ గ్రిల్సూ చేసే షాపులో 3.15 మిల్లీమీటర్ల రాడ్డుతో ఈ రేకును అతకబోతే అతుకు కన్నా చిల్లులే ఎక్కువవుతాయి. సీఓటూ వెల్డింగ్ మిషన్ ఉన్న టింకరింగ్ షాపు దొరికితే మంచిది. పొడుగునా ఒకే గీతగా లాగకుండా అంగుళానికో చుక్క పెడుతూ, ఇటో చుక్క అటో చుక్కగా వేడిని పంచుకుంటూ పోతే రేకు వంకర తిరగదు. వెల్డింగు మొదలుపెట్టే ముందు బ్యాటరీ రెండు తీగలూ, ఆల్టర్నేటర్ కనెక్షనూ విప్పాలి. జీఐ రేకు తుప్పు పట్టదని దాన్నే వాడతారు కొందరు. దాని జింకు పూత కాలినప్పుడు వచ్చే తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది కనుక అంచులను అంగుళం మేర గీకేసి, గాలి ఆడే చోటే వెల్డు చేయాలి. డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని దాని మీద మంట పెట్టకూడదు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే పేలేది.

అతుకు ఎప్పుడూ మంచి ఇనుము దాకా వెళ్లాలి. చిల్లు అంచుల చుట్టూ రేకు పలచబడి ఉంటుంది కాబట్టి చిల్లు రూపాయి బిళ్లంత ఉంటే కోసి తీసే ముక్క అరచేయంత అవుతుంది. పాత రేకు తీయకుండా దాని మీదే కొత్త రేకు పరిచి అతికితే రెండు రేకుల నడుమ నీటికి కొత్త ఇల్లు కట్టి ఇచ్చినట్టే. అయినా పది బండ్లలో ఏడెనిమిదింటికి ఇదే చేస్తున్నారనిపిస్తుంది.

ఫ్లోరు, మడ్‌గార్డులు, టూల్ పెట్టె వంటివి నేర్చుకునేవాళ్లు స్వయంగా చేసుకోవచ్చు. ఛాసిస్ పట్టీ మీద, కమాన్ బ్రాకెట్ల మీద మాత్రం అనుభవం ఉన్న వెల్డరు చేయి పడాల్సిందే. ఛాసిస్ పట్టీకి అడ్డంగా ఒకే నిటారు గీతలో అతుకు ముగిస్తే భారమంతా ఆ గీత మీద పడి అక్కడే పగులుతుంది. అందుకే బలపరిచే ప్లేటు చివరలను చేపతోక ఆకారంలోనో ఏటవాలుగానో కోస్తారు. చుట్టుపక్కల అలాంటి వెల్డరు లేకపోతే, లారీల ఛాసిస్ పనులు చేసే షెడ్లలో అడిగితే దొరుకుతాడు.

రంగు

గ్రైండరు ఆపిన చోటే ప్రైమరు మొదలవ్వాలి. బరంపురంలో ఉదయం నున్నగా చేసిన రేకు మీద సాయంత్రానికే గోధుమరంగు పొర కమ్ముతుంది. కాబట్టి ఒక రోజులో ప్రైమరు వేయగలిగినంత మేరే శుభ్రం చేయాలి. గాలిలో తేమ 85 శాతానికి మించినప్పుడు, రేకు వేడి మంచు బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ లేనప్పుడు రంగు వేయకూడదన్నది పరిశ్రమలో పాటించే నియమం. ఇంటి లెక్కలో దీని అర్థం, తుఫానుల కాలం దాటాక నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పని పెట్టుకోవాలి, సెమిలిగుడ, కోరాపుట్ వైపు పొగమంచు విడిపోయి రేకు వెచ్చబడ్డాకే రంగు చిమ్మే స్ప్రే గన్ పట్టాలి, తీరంలో పొద్దు వాలక ముందే ఆపేయాలి.

మామూలు రెడాక్సైడు ప్రైమరు గురించి ఒక అపోహ బలంగా ఉంది. రెడాక్సైడు కొట్టాం కదా, ఇక డబ్బు సమకూరాక రంగు చూద్దామని బండిని వానాకాలమంతా వదిలేస్తారు. రెడాక్సైడు పైరంగుకు పట్టు ఇవ్వడానికి ఉద్దేశించింది, నీటిని పూర్తిగా ఆపేది కాదు. నెలల తరబడి తడిస్తే దాని కిందే తుప్పు మొదలవుతుంది, ఆ ఎరుపులో అది కనిపించదు కూడా. ఆగి ఆగి చేసే ఇంటి పనికి రెండు డబ్బాల్లో వచ్చే ద్రవాలను కలిపి వేసే ఎపాక్సీ ప్రైమరే సరైనది. ఎపాక్సీ ఆరాక అతుకుల మీద సీమ్ సీలెంటు, దాని మీద పీయూ (పాలీయురిథేన్) రంగు. ఛాసిస్‌కు స్ప్రే తప్పనిసరి కాదు, బ్రష్షుతో రెండు పొరలు దట్టంగా వేస్తే మూలలకు ఇంకా బాగా చేరుతుంది. పీయూ రంగు గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లనే హానికరమైన రసాయనాలు ఉంటాయి. ముఖానికి రుమాలు కట్టుకుంటే అవి ఆగవు, తగిన ఫిల్టరు మాస్కు లేకపోతే ఆ పని పెయింటింగ్ బూత్‌కే అప్పగించాలి. పుట్టీ ఎపాక్సీ మీద పలచగా రాయాలి. నేరుగా రేకు మీద రాసిన పుట్టీ తేమ పీలుస్తుంది.

ఎర్తు తీగ బిగించే చోట్లలో రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన గ్రీజు రాయాలి. బాగుచేసిన బండ్లలో లైట్లు మినుకుమినుకుమనడానికి, స్టార్టరు మొరాయించడానికి ఎక్కువగా ఈ రంగు పూసిన ఎర్తులే కారణం. బ్రేకు పైపులు పైకి బాగున్నా మొత్తం మార్చేయాలి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుని లోపలి నుంచీ తుప్పు తెస్తుంది, ఘాట్ దిగుతున్నప్పుడు తెలిసి లాభం లేదు.

లోపలి గూళ్లు, మొదటి వాన

కంటికి కనిపించే ఇనుము అంతా రంగుతో మూసినా, ఛాసిస్ పెట్టె లోపల, చానెళ్లలో, తలుపుల అడుగున రంగు చేరదు. అక్కడికి సన్నని గొట్టంతో చిమ్మే క్యావిటీ వ్యాక్స్ కావాలి. అది ఎప్పుడూ పూర్తిగా గట్టిపడకుండా, గీత పడినా తిరిగి పాకి కప్పుకుంటుంది. దానికి బదులు వాడిన ఇంజను నూనె కొట్టే అలవాటు ఇటువైపు చాలా ఉంది. ఆ నూనె రబ్బరు బుష్‌లనూ గొట్టాలనూ ఉబ్బించి పాడుచేస్తుంది, దుమ్మును అట్టగా పట్టుకుంటుంది, వానకు కారి పెరటి బావిలో చేరుతుంది. వ్యాక్స్ కొట్టే ముందు ఛాసిస్ అడుగున తయారీలోనే పెట్టిన నీటి చిల్లులన్నీ గట్టి తీగతో పొడిచి తెరవాలి, కొట్టిన తరవాత అవి మూసుకుపోయాయేమో మళ్లీ పొడవాలి.

అందం కోసం బాడీకి బిగించే అల్యూమినియం చెకర్ ప్లేట్లు, ఫ్లోరు మీద అంటించే స్పాంజి మ్యాట్లు వద్దనుకోవడమే మంచిది. ప్లేటు వెనక చిక్కిన నీటిలో అల్యూమినియం, ఇనుము ఒకదానికొకటి తగిలి, ముందు అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది, ఆ తడి ఆరక వెనకున్న రేకూ పోతుంది. తప్పదనుకుంటే మధ్యలో రబ్బరు షీటు వేసి, స్క్రూ చిల్లులకు సీలెంటు పెట్టాలి.

మొదటి పెద్ద వాన పడిన మర్నాడు మ్యాట్లన్నీ ఎత్తి, ఫ్లోరు మూలల్లో పొడి సుద్ద రాసి, విండ్‌షీల్డ్ మీద గొట్టంతో నీళ్లు పోయించి చూడాలి. సుద్ద ఎక్కడ తడిసి చారలు కట్టిందో అక్కడి నుంచి పైకి వెతుక్కుంటూ పోతే నీరు దిగే సందు దొరుకుతుంది. జీపుల్లో అది ఎక్కువగా విండ్‌షీల్డ్ మడత కీలు దగ్గరి రబ్బరు గానీ, బానెట్ వెనక వైరింగ్ దూరే రంధ్రం గానీ అయి ఉంటుంది. ఆ రబ్బరు మార్చాక మళ్లీ నీళ్లు పోసి చూసి, ఫ్లోరు పొడిగా ఉందని తేలాకే మ్యాట్లు పరవాలి.